పెరట్లో ఆటకోర్టు: రంగు కంటే ముందు మట్టి, వాటం, నీళ్లు

ఉరవకొండ శివారులో ఇంటి వెనక 80 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పు ఖాళీ స్థలం ఉందని, అది నల్లరేగడి నేల అని, ఇద్దరు పిల్లల కోసం అక్కడ టెన్నిస్ కోర్టు గానీ షటిల్ కోర్టు గానీ కట్టించాలనుకుంటున్నామని మీరు రాశారు. కాంక్రీటుకూ పైన అక్రిలిక్ పూతకూ (ఆటకోర్టుల మీద వేసే రంగు పొర) కలిపి ఒక కాంట్రాక్టరు రెండున్నర లక్షలు చెప్పారని, ఇంతకు మించి ఖర్చేమైనా తగులుతుందా అని అడిగారు. తప్పకుండా తగులుతుంది. ఆయన చెప్పిన ధరలో తప్పేమీ లేదు. ఆ రెండు పనులకూ అంతే అవుతుంది. కానీ నల్లరేగడిలో కోర్టు నిలవడమైనా పగలడమైనా ఆ రెండు పనుల మీద కంటే వాటి కింద ఉన్న మట్టి మీద, దాని పక్కన నిలిచే నీళ్ల మీద ఆధారపడుతుంది. ఈ ప్రాంతంలో సివిల్ పనులు చేయిస్తూ, బడుల ఆవరణల్లోనూ ఇళ్ల వెనకా కోర్టులు వేయించిన అనుభవంతో నేను ఇచ్చే ప్రధానమైన సలహా ఒక్కటే: ఈ ఏడాది మట్టిపని మాత్రమే చేయించి, ఒక వానాకాలం దాని మీద పిల్లలను ఆడనిచ్చి, ఆ తర్వాతే కాంక్రీటు వేయించండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు కొలతల సంగతి చూద్దాం. టెన్నిస్ కోర్టు గీతల వరకే 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు ఉంటుంది. ఆటగాడు వెనక్కీ పక్కలకూ పరుగెత్తడానికి కావలసిన జాగా కలిపితే 120 అడుగులకు 60 అడుగులు, అంటే దాదాపు 16 సెంట్ల పైచిలుకు కావాలి. మీకున్నది ఎనిమిది సెంట్ల లోపే. గీతలు ఎలాగో పడతాయని కోర్టు వేస్తే, బంతి వెనక పరుగెత్తిన పిల్లవాడు నేరుగా ప్రహరీకి గుద్దుకుంటాడు. అందుచేత టెన్నిస్ ఆలోచన మానుకోవడమే మంచిది. పిల్లలకు ఆ ఆట మీద నిజంగా మనసుంటే, అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవాసంస్థ) క్రీడా ప్రాంగణం మీకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. రఫేల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ పాఠశాల 2010లో మొదలైంది అక్కడే. ఒకసారి తీసుకువెళ్లి పూర్తి కొలత కోర్టు ఎంత జాగా తీసుకుంటుందో చూపించండి. వాలీబాల్ కోర్టు 18 మీటర్లకు 9 మీటర్లు కాబట్టి గీతల వరకు పడుతుంది గానీ చుట్టూ ఉండవలసిన 3 మీటర్ల ఖాళీ వెడల్పు వైపు పూర్తిగా దొరకదు.

మీ స్థలానికి చక్కగా సరిపోయేది 44 అడుగులకు 20 అడుగుల షటిల్ కోర్టు. పికిల్‌బాల్ (చెక్కలాంటి బ్యాటుతో, రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట) కోర్టు కొలత కూడా సరిగ్గా అంతే కావడం వల్ల ఒకే కాంక్రీటు పలక మీద రెండు ఆటల గీతలూ వేసుకోవచ్చు. చుట్టూ ఖాళీతో కలిపి 60 అడుగులకు 30 అడుగులు, అంటే 1800 చదరపు అడుగుల పలక వేయిస్తే చాలు. షటిల్ నెట్ స్తంభాలు పక్కగీతల మీదే నిలుస్తాయి, పికిల్‌బాల్ స్తంభాల మధ్య 22 అడుగుల దూరం ఉండాలి. కాబట్టి కాంక్రీటు వేసేటప్పుడే రెండు జతల పైపు గొట్టాలు నేలలో దిగ్గొట్టించుకోవాలి. ఇది కొద్దిపాటి ఖర్చు, కానీ తర్వాత పలకను కోసి పెట్టాలంటే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే పిల్లలు ఆడుకునే పొద్దుటి వేళా సాయంకాలం వేళా ఒక వైపు ఆటగాడికి సూర్యుడు నేరుగా కళ్లలోకి కొడతాడు. మీ స్థలంలో పొడవు ఏ దిక్కుగా ఉందో మీరు రాయలేదు. తూర్పు పడమరలుగా ఉన్నట్లయితే 42 అడుగుల వెడల్పులో 44 అడుగుల కోర్టును అడ్డంగా తిప్పడం కుదరదు, ఆ ఇబ్బందికి సిద్ధపడవలసిందే. గాలి సంగతి దీనికంటే ముఖ్యం. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప చుట్టుపక్కల గాలిమరలు ఊరికే వెలియలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎంత బలంగా వీస్తుందో మీకు నేను చెప్పనక్కర లేదు. ఆ రోజుల్లో బయట షటిల్ ఆడటం బాగా తెల్లవారుజామున తప్ప సాధ్యపడదు. పికిల్‌బాల్ బంతి కూడా గాలికి పక్కకు పోతుంది గానీ షటిల్ అంతగా కాదు. మన పల్లెల్లో ఎప్పటినుంచో ఆడుతున్న బాల్ బ్యాడ్మింటన్‌లో ఉన్ని బంతి వాడేది ఆరుబయట ఆట కాబట్టే. దాని పూర్తి కోర్టు 24 మీటర్లకు 12 మీటర్లు గనుక మీ స్థలంలో గీతలు పడ్డా చుట్టూ ఖాళీ మిగలదు, కానీ పిల్లలు చిన్న కొలతలో అదే బంతితో ఆడుకోవచ్చు.

ఇక మట్టి. అనంతపురం జిల్లాలో ఎక్కువ భాగం ఎర్రనేల. అక్కడైతే పై ఆరు అంగుళాలు చెక్కేసి, గరుసు (మొరం) పోసి, రోలరు తిప్పితే గట్టి పునాది దొరుకుతుంది. మీ ఉరవకొండ వైపు, అలాగే ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో నల్లరేగడి విస్తారంగా ఉంది. ఈ మట్టి నీరు తాగినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. ఏప్రిల్‌లో మీ పెరట్లోనే ఒక పగులులోకి సన్నని కర్ర దించి చూడండి, ఎంత లోతుకు పోతుందో తెలుస్తుంది. ఇల్లు కట్టినప్పుడు పునాదులు లోతుకు తీస్తాం, పైన గోడల బరువు ఉంటుంది, అందువల్ల ఆ కదలికను ఇల్లు తట్టుకుంటుంది. నాలుగు అంగుళాల కాంక్రీటు పలకకు లోతూ లేదు, బరువూ లేదు. వాన పడినప్పుడు నీరు ముందుగా పలక అంచుల కిందికి చేరుతుంది, అక్కడి మట్టి ఉబ్బి అంచులను పైకి లేపుతుంది, నడిమి భాగం ఎండుగానే ఉండి కదలదు, పలక వంగలేక పగులుతుంది. ఆదోని వైపు ఒక ఇంటి వెనక ఇలాంటి కోర్టును చూశాను. నీలం, ఆకుపచ్చ రంగులతో ఎంతో అందంగా వేశారు గానీ మట్టి మార్చలేదు; మొదటి వానాకాలం గడిచేసరికి నీళ్ల తొట్టి పక్కనున్న మూల రెండు వేళ్ల మందం పైకి లేచింది, ఆ మూల నుంచి నెట్ దాకా ఏటవాలుగా ఒక పగులు పారింది, దాని అంచుల వెంట రంగు పొర పొట్టు లేచి ఊడుతోంది. ఆ పగులును నింపి మళ్లీ రంగు వేయించినా లాభం ఉండదు, కింద మట్టి ప్రతి ఏటా కదులుతూనే ఉంటుంది గనుక.

మీ మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఎండబెట్టి జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో వేసి, ఒకదానిలో నీరు, ఇంకొకదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. రెండింటి ఎత్తుల తేడా 50 శాతం దాటితే ఆ మట్టి మీద నేరుగా ఏదీ వేయకూడదని అర్థం. ఇంజనీరింగ్ కళాశాలల సివిల్ ప్రయోగశాలల్లో అడిగి చూడండి. దీనితో పాటు స్థలానికి రెండు మూలల్లో నాలుగడుగుల గుంతలు తీయించి, నల్లమట్టి ఎంత లోతు దాకా ఉందో, కింద సుద్ద తగులుతుందో గరుసు తగులుతుందో చూడాలి. ఆ గుంతలు తీసేటప్పుడే సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, బోరు పైపులు, కరెంటు కేబుల్ ఎక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. మన ఇళ్లలో ఇవన్నీ ఉండేది పెరట్లోనే, వాటి మీద పలక వేశాక మూత తీయాలంటే కోర్టునే పగలగొట్టాలి.

మట్టి మార్చడం అంటే పలక కొలతకు చుట్టూ అడుగున్నర అదనంగా తీసుకుని, రెండడుగుల లోతు నల్లమట్టిని జేసీబీతో ఎత్తిపోసి, దాని స్థానంలో ఉబ్బని గరుసు మట్టిని నింపడం. నీటి కాలువలు నల్లరేగడిలో సాగే చోట లైనింగు కింద ఉబ్బని మట్టి పొర వేయడం ఇంజనీర్లు పాటించే పద్ధతే, ఇక్కడా అదే సూత్రం పనిచేస్తుంది. లెక్క కడితే తీయవలసిన మట్టి 4,100 ఘనపుటడుగుల పైన ఉంటుంది. ట్రాక్టరు ట్రాలీకి వంద ఘనపుటడుగులు అనుకుంటే సుమారు 40 లోడ్లు బయటికి పోవాలి, గరుసు అణిగిపోతుంది కాబట్టి 50 లోడ్లకు పైగా లోపలికి రావాలి. మీ సందులో అన్ని ట్రాక్టర్లు తిరగగలవా, తీసిన నల్లమట్టి ఎక్కడ పోస్తారు అన్నది ముందే తేల్చుకోండి. పొలాలున్న వాళ్లను అడిగితే తోలుకుపోయే అవకాశం ఉంది, అలాగైతే ఒక ఖర్చు తగ్గుతుంది. గరుసును ఒకేసారి రెండడుగులూ పోసి పైన రోలరు తిప్పడం పనికిరాదు. ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి, చిన్న వైబ్రేటర్ రోలరుతో గట్టిపరచాలి. రోలరు అందని మూలల్లో దిమ్మిస కొట్టించాలి. ఈ పని జరిగే రోజుల్లో మీరు గానీ మీ మనిషి గానీ దగ్గర ఉండి తీరాలి, ఎందుకంటే పైకి కనిపించని పని కాబట్టి తొందరపడేదీ ఇక్కడే.

ఒక వానాకాలం ఆగమన్నది ఇందుకే. ఎంత గట్టిపరచినా కొత్తగా పోసిన మట్టి మొదటి వానలకు కొంత దిగుతుంది. మేలో మట్టిపని ముగించి, పైన రెండు మూడు అంగుళాల మెత్తని ఎర్రమట్టి పరిచి, నీళ్లు చల్లి రోలరు తిప్పితే పిల్లలకు ఆ రోజు నుంచే మంచి మట్టి కోర్టు దొరుకుతుంది. సున్నంతో గీతలు వేసి, రెండు పైపులు పాతి, నెట్ కట్టండి. జూన్ నుంచి నవంబరు దాకా ఎక్కడ కుంగిందో, ఎక్కడ నీరు నిలిచిందో, పక్కింటి మిద్దె నీళ్లు ఎటు నుంచి వచ్చి పడుతున్నాయో కళ్లారా చూస్తారు, దిగిన చోట గరుసు నింపిస్తారు. అంతకంటే ముఖ్యంగా, పిల్లలు రోజూ ఆడుతున్నారో లేదో తెలుస్తుంది. ఆరు నెలల తర్వాత కూడా సాయంత్రమైతే వాళ్లు నెట్ దగ్గరికే పరుగెడుతున్నట్లయితే మిగిలిన డబ్బు ధైర్యంగా పెట్టవచ్చు. లేదంటే మట్టి కోర్టు దగ్గరే ఆగిపోవచ్చు; అది ఏ మాత్రం తక్కువ కోర్టు కాదు, మోకాళ్లకు కాంక్రీటు కంటే మట్టే హాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం ఉన్న జిల్లాలో మట్టి కోర్టు వానవల్ల పనికిరాకుండా పోయే రోజులు కూడా కొద్దే.

కాంక్రీటు డిసెంబరులో వేయించండి. అప్పటికి ఈశాన్య రుతుపవనాల జల్లులు తగ్గుతాయి, ఎండ మెత్తబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వేస్తే 40 డిగ్రీల ఎండకూ పొడిగాలికీ పై పొర నీరంతా ఆవిరై, సాయంత్రానికే వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. 1800 చదరపు అడుగుల పలకకు నాలుగు అంగుళాల మందంతో 17 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది, ఎం-20 రకం కాంక్రీటు పాళ్లకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల చొప్పున 136 బస్తాల సిమెంటు. మీది నల్లరేగడి కాబట్టి మట్టి మార్చినా సరే 8 మిల్లీమీటర్ల కడ్డీలు ఎనిమిది అంగుళాల ఎడంతో రెండు వైపులా కట్టించండి, 660 కిలోల దాకా ఇనుము పడుతుంది. కింద మందపాటి పాలిథీన్ పట్టా తప్పనిసరి. లేకపోతే నేలలోని తేమ పైకి ఎక్కి అక్రిలిక్ పూతను బుడగలుగా లేపుతుంది. పలక అంతటినీ ఒకే ముక్కగా వదలకుండా, వేసిన మరునాటికల్లా పొడవున 12 అడుగులకు, వెడల్పున 10 అడుగులకు ఒక అంగుళం లోతుతో యంత్రంతో గీత కోయించాలి. కాంక్రీటు ఎలాగూ కుంచించుకుంటుంది, పగలవలసింది ఆ గీతలోనే పగిలేలా చేయడం మన చేతిలో ఉంది.

మేస్త్రీతో రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మొదటిది వాటం, అంటే నీరు పారే వాలు. ఇంటి గచ్చుకు ఇచ్చినట్లు నడిమి నుంచి నాలుగు వైపులా ఇవ్వకూడదు; పలక అంతా ఒకే తలంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నూటికి ఒకటి చొప్పున వాలాలి. 30 అడుగుల వెడల్పుకు అది మూడున్నర అంగుళాల తేడా, ఆటలో తెలియదు గానీ నీరు మాత్రం పోతుంది. వాలిన పక్కన కాలువ తీసి ఆ నీటిని పలకకు దూరంగా పంపించాలి, పలక పక్కనే పూలమొక్కలకు పాదులు తీసి నీళ్లు పెట్టకూడదు. రెండవది పై తుడుపు. మన మేస్త్రీలు మంచి పని అంటే సిమెంటు పాలు చల్లి అద్దంలా నున్నగా తీయడం అనుకుంటారు. ఆ నునుపు మీద అక్రిలిక్ పట్టదు, ఏడాదిలోపే పొరలుగా లేస్తుంది. చీపురుతో సన్నగా గరుకు గీయించాలి. కడప బండలు, తాడిపత్రి బండలు చవక కదా అని కొందరు అడుగుతుంటారు. దుమ్ము పడితే జారతాయి, అతుకుల దగ్గర కాలు తట్టుకుంటుంది, పరుగెత్తే ఆటకు అవి వద్దు.

నీళ్ల విషయంలో లోభించకండి. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు పది రోజులకు తగ్గకుండా, వీలైతే 14 రోజులు తడి ఆరకుండా ఉంచాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. రెండు అంగుళాల నీరు నిలపాలంటే ఒక్కసారికే 8,500 లీటర్లు కావాలి, వాటం ఉంది కాబట్టి మడులు కట్టకపోతే నీరు నిలవదు. మట్టి కట్టలతో మడులు కడితే మరకలు పడి పూతకు ముందు కడగడం పెద్ద పని అవుతుంది కనుక, గోనె పట్టాలు పరిచి పూటపూటా తడపడం మేలు. బోరు మీద నమ్మకం లేకపోతే ట్యాంకరు ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

కాంక్రీటుకు 28 రోజులు నిండాకే అక్రిలిక్. ఆ పని చేసేవాళ్లు బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వస్తారు, ఇంత చిన్న కోర్టుకు రానుపోను ఖర్చు చదరపు అడుగు ధరలో కలిసిపోతుంది. రెండోసారి పిలిస్తే అంత తేలికగా రారు కాబట్టి వాళ్లు రాకముందే నీటి పరీక్ష మీరే చేసుకోండి. పలక అంతా తడిపి, ఒక గంట ఆగి, నీరు నిలిచిన చోట రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్ల మునిగితే ఆ గుంత చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, పూతకు ముందే నింపించాలి. రంగు లేతది ఎంచుకోండి, ముదురు రంగు మన ఎండకు కాలుతుంది. నాలుగైదేళ్లకు ఒకసారి పై పూత మళ్లీ వేయించవలసి ఉంటుంది, వేపచెట్టు కింద అయితే ఆకులు, పండ్లు రోజూ ఊడ్వాలి.

ఈ ప్రాంతంలో నాకు తెలిసిన రేట్లతో మీ కోర్టుకు వేసిన అంచనా ఇది. మట్టి తీయడం, గరుసు, రోలరు కలిసి 1,10,000 నుంచి 1,30,000 రూపాయలు, కాంక్రీటు కూలీతో సహా 1,15,000 నుంచి 1,25,000, ఇనుము 45,000, అక్రిలిక్ 90,000 నుంచి 1,45,000, నాలుగు స్తంభాల ఎల్‌ఈడీ దీపాలు 50,000 నుంచి 80,000, నెట్, స్తంభాలు 10,000 నుంచి 15,000. కంచె దగ్గరే పెద్ద తేడా వస్తుంది: పైపులకు నైలాన్ వల కడితే 50,000తో పోతుంది, పదడుగుల ఎత్తు చైన్‌లింక్ అయితే రెండు లక్షల దాకా అవుతుంది. గాలి ఆపడానికి కంచెకు ఆకుపచ్చ పట్టా కట్టాలనుకుంటే స్తంభాల పునాదులు ఆ లెక్కతోనే పడాలి, లేకపోతే జూలై గాలికి కంచె మొత్తం వాలిపోతుంది. అన్నీ కలిపితే 4,70,000 నుంచి 7,40,000 రూపాయల మధ్య తేలుతుంది. ఇందులో మొదటి ఏడాది మట్టిపనికీ నెట్‌కూ పెట్టేది లక్షన్నర లోపే. చేతిలో డబ్బు తక్కువైతే కంచె తగ్గించండి, దీపాలు వాయిదా వేయండి, అక్రిలిక్ రెండేళ్లు ఆపండి. గరుసు లోతును మాత్రం తగ్గించకండి, అది తర్వాత సరిచేయలేనిది.

పైకప్పు లేని కోర్టే అయినా, మీ స్థలం రికార్డుల్లో ఇంకా వ్యవసాయ భూమిగా ఉందేమో, కంచె ఎత్తుకు, దీపాల కరెంటు లోడుకు ఏమి అనుమతులు కావాలో పంచాయతీ కార్యాలయంలోనూ విద్యుత్ శాఖలోనూ ముందే అడిగి తెలుసుకోండి. రేకుల షెడ్డు వేయాలనిపిస్తే అది కట్టడమే అవుతుంది, ప్లాను కావాలి. పక్కింటి వాళ్లతో కూడా పని మొదలుపెట్టక ముందే మాట్లాడండి. పికిల్‌బాల్ బ్యాటు చప్పుడు గట్టిగానే వినిపిస్తుంది, దీపం వెలుగు వాళ్ల కిటికీలో పడితే ఆ తగువు కోర్టు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. దీపాలను కోర్టు పక్కల నుంచి కిందికి వంచి పెట్టించండి, తొమ్మిది తర్వాత ఆర్పేస్తామని మాట ఇచ్చి నిలబెట్టుకోండి.

కాంట్రాక్టరుతో ఒప్పందం కాగితం మీద ఉండాలి. గరుసు ఎన్ని పొరలు, పలక మందం, ఇనుము ఎడం, కోత గీతల దూరం, వాటం ఎటు, తడపడం ఎవరి బాధ్యత, ఇవన్నీ అందులో రాయించండి. డబ్బును మట్టిపని, కాంక్రీటు, పూత అని మూడు దశలుగా ఇవ్వండి, చివరి పది శాతాన్ని మాత్రం పూత తర్వాత రెండోసారి నీటి పరీక్ష చేశాకే ఇవ్వండి. నిజాయితీగా పని చేసే మనిషి ఈ షరతులకు అభ్యంతరం చెప్పడు. గుంతలు తీయించాక నల్లమట్టి ఎంత లోతు వచ్చిందో, కింద ఏమి తగిలిందో, స్థలం పొడవు ఏ దిక్కుగా ఉందో రాయండి. నాలుగడుగుల్లోనూ నల్లమట్టే ఉంటే గరుసు లోతు పెంచవలసి రావచ్చు, అప్పుడు పై లెక్కను మళ్లీ వేసి చెబుతాను.